బోర్డు మీద ముప్పై ఆరు బిళ్ళలు

ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా బాపు నెత్తికి పెట్టుకొని బాయిలోకి దిగిన ల్యాంపు మీద ఒట్టు. నాన్నను మేం బాపు అంటాం, గనిని బాయి అంటాం. ఆ ల్యాంపు మీద ఒట్టేసి తప్పినవాడు మా కాలనీలో లేడు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. గోదావరిఖనిలో నాకు గప్పాల రాజేశం అని పేరు. బస్సు వచ్చిందని నేను చెబితే, ఎదురుగా బస్సు కనపడుతున్నా ఇంకొకరిని అడిగి ఎక్కేవాళ్ళు. బొగ్గుదుమ్ముకు మా కాలనీలో తెల్లకోడి నల్లగుడ్డు పెట్టిందని చెప్పింది నేనే. మా ఎదురింటి బర్రె సైరన్ మోగితే తప్ప పాలు చేపదని చెప్పిందీ నేనే. బర్రె సంగతి నిజమే, కావాలంటే ఆ ఇంటివాళ్ళను అడగండి. కానీ అవన్నీ పొద్దుపోక చెప్పినవి. ఇది వేరు. దీనికి నా దగ్గర కాగితం ఉంది.

ఆ కాగితం మా బిడ్డ హర్షితకు దొరికింది. ఇప్పుడు మేం కరీంనగర్‌లో ఉంటున్నాం, హర్షిత పదో తరగతి. ఏదో దరఖాస్తుకు నా మార్కుల మెమో కావాలంటే అటక మీది రేకుపెట్టె దింపాం. మెమో కింద నా పదో తరగతి హాల్‌టికెట్ ఉంది. ఫొటోలో నేను నూనె కారుతున్న తలతో, నేరం చేసి పట్టుబడ్డవాడిలా ఉన్నాను. కాగితం మాత్రం మడతలు మడతలు. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఇంకోసారి మడిస్తే ఎట్లా ఉంటుందో అట్లా. "ఇన్ని మడతలేంది డాడీ?" అని అడిగింది. పరీక్షలదాకా పైలంగా, అంటే భద్రంగా ఉండాలని మా అవ్వ దాన్ని మడిచి వక్కల సంచిలో దాచిందని చెప్పాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం. హర్షిత నమ్మింది. తర్వాత అన్నం తింటూ, తమ బడిలో ఒక పిల్లవాణ్ణి ఈసారి పరీక్ష రాయొద్దన్నారని, రేపు తల్లిదండ్రులను పిలిచి హాల్‌టికెట్లు ఇస్తారని, వాడి పేరు జాబితాలో లేదని మామూలుగా చెప్పింది. మరి మీరంతా ఏం చేశారని అడిగాను. "మనకెందుకు డాడీ, మనది వచ్చింది గదా," అంది. కంచంలో చెయ్యి కడిగేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక రేకుల నీళ్ళగది. గోడకు గడియారం ఉండేది గానీ దాన్ని చూసినవాళ్ళు లేరు, సైరనే మా గడియారం. బాపుకు ఏ షిఫ్టు పడితే ఆ వారం మా ఆకలి ఆ వేళకు మారేది. ఫస్టు షిఫ్టు అయితే అవ్వ పొద్దున్నే పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసేది. పచ్చిబొగ్గు పొగకు ఒక వాసన ఉంటుంది, తడిసిన ఇనుమూ కుళ్ళిన గుడ్డూ కలిసినట్టు. ఆ పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక అదే పొయ్యి మీద గంజు గిన్నెలో సర్వపిండి కాలుతున్న నువ్వుల వాసన. ఈ రెండు వాసనలూ ఒకదాని వెనక ఒకటి వస్తేనే నాకు తెల్లవారినట్టు. సాయంత్రం బాపు వస్తే ముందు నీళ్ళగది. ఎర్రసబ్బు మూడుసార్లు రుద్దినా మోరీలో నల్లనీళ్ళే పారేవి. తర్వాత కొబ్బరినూనెలో ముంచిన గుడ్డపేలికతో చెవులు తుడుచుకునేవాడు. అయినా తలదిండు నల్లగానే ఉండేది. ఆయన తల ఆనిన చోట ఒక నల్లటి గుండ్రం, పక్కనే నా తల ఆనిన చోట చిన్న గుండ్రం. నేను బాయిలోకి దిగకుండానే నా దిండు ఎట్లా నల్లబడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లో చదువంటే చప్పుడు. పెదవి కదపకుండా పుస్తకం చూస్తే కలలు కంటున్నాడనుకునేవాళ్ళు. నేను మౌనంగా చదువుతుంటే అవ్వ వంటింట్లోంచి, సదువుతున్నవా సూస్తున్నవా అని అడిగేది. కాబట్టి కాలనీలోని పిల్లలందరం గొంతెత్తి బట్టీ పట్టేవాళ్ళం. ఒక ఇంట్లోంచి కిరణజన్య సంయోగక్రియ, పక్కింట్లోంచి పానిపట్టు యుద్ధం, ఆ పక్కింట్లోంచి సైన్ తీటా బై కాస్ తీటా. చిక్కు ఎక్కడంటే నైట్ షిఫ్టు వారంలో. రాత్రంతా బాయిలో ఉన్న మనిషి పగలు పడుకోవాలి. ఆయన పడుకుంటే ఇంట్లో గిన్నె కూడా మోగకూడదు. చప్పుడు లేకుండా చదవడం మాకు రాదు. అందుకని మూడు వారాలకొకసారి నా చదువు ఆగిపోయేది. నా ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టుకొని మా బాపు షిఫ్టులు చెప్పొచ్చు. మార్కులెందుకు తగ్గాయని ఒకసారి సైన్సు సారు అడిగితే లేచి నిలబడి, "నైట్ షిఫ్టు సారు," అన్నాను. క్లాసులో ఒక్కడూ నవ్వలేదు. అందరి ఇళ్ళల్లో అదే కథ.

తండ్రి కొలువు కొడుక్కి వచ్చే దారి అప్పటికి బందైంది. అంతకు ముందు మా అన్నల కాలంలో పది తప్పినా భయం లేదు, బాపు చెప్పులు ఎట్లాగూ కొడుకు కాళ్ళకు సరిపోయేవి. మా దాకా వచ్చేసరికి పది పాసైతే ఐటీఐ, లేకపోతే ఏముందో ఎవరికీ తెలియదు. నేల కింద బొగ్గుకప్పుకు భయపడని మనుషులు మా ప్రోగ్రెస్ కార్డు విప్పడానికి వణికేవాళ్ళు. మా బాపు టింబర్‌మన్. బాయిలో కప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. దిమ్మె పెట్టేముందు పొడుగాటి కర్రతో కప్పును తట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగున పలికితే గట్టిది. బొదబొదమంటే లోపల డొల్ల పడ్డట్టు, అందరూ బయటికి రావలసిందే, ఎంత పెద్ద దొరైనా ఆగమనడానికి లేదు. పరీక్షరోజు పొద్దున బాపు నా నుదుటిని వేలి కణుపుతో అట్లాగే తట్టేవాడు, చెవి ఆనించి వినేవాడు, గట్టిగనే ఉన్నది పో అనేవాడు. ప్రీఫైనల్ పరీక్షల్లో ఒకరోజు తట్టి, విని, మళ్ళీ తట్టాడు. అప్పటికి వారం రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. "ఇయ్యాల పోనియ్యకు," అన్నాడు అవ్వతో. "డొల్ల సప్పుడొస్తుంది." ఆ రోజు సాయంత్రందాకా పడుకున్నాను. మర్నాడు బడిలో రోజంతా బెంచీ ఎక్కించారు. బెంచీ మీదనుంచి చూస్తే లోకం బాగానే కనపడింది.

మా బడి కాలనీ చివర రేకుల షెడ్డు. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే రేకులన్నీ గలగలమనేవి, బోర్డు మీది సుద్ద రాలి మా లెక్కలు సగం చెరిగిపోయేవి. ఒకసారి బ్లాస్టింగ్ అదురుకు నా పుస్తకంలోని జవాబు పక్క పేజీలోకి జరిగింది. సరే, అది పోనివ్వండి. బడి ముందుగోడ మీద మా ప్రిన్సిపల్ సారు నిలువెత్తు అక్షరాలతో నూటికి నూరు శాతం అని రాయించాడు. ఆ గోడను చూసే కాలనీ పిల్లలంతా అందులో చేరారు. చేరాక తెలిసింది ఆ గోడను మోసేది మేమేనని. పొద్దున బడికి ముందు ఒక స్టడీ అవర్, సాయంత్రం బడి తర్వాత ఇంకొకటి. సాయంత్రం దాంట్లో తలుపు గొళ్ళెం పెట్టి కూర్చోబెట్టేవాళ్ళు. మా క్లాసు రూతుకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలేది. ముందు బెంచీ పిల్ల ఒకామెకు లెక్కల పేపర్ చూస్తే వాంతి వచ్చేది. గోళ్ళు ఉన్నవాళ్ళు మా క్లాసులో లేరు, అందరివీ కొరికేసినవే. అయినా సంవత్సరం సంవత్సరం నూరు శాతం ఎట్లా వస్తుందో మాకు తెలిసేది కాదు. తర్వాత తెలిసింది. తప్పేలా కనపడినవాణ్ణి పరీక్షే రాయనివ్వరు. రాయనివాడు తప్పినవాళ్ళ లెక్కలోకి రాడు. అసలు ఏ లెక్కలోకీ రాడు.

రూతు గురించి చెప్పాలి. క్లాసులో ఫస్టు. వాళ్ళ నాయన దావీదు, చిన్నాన్న వరస పెట్టి మేం కాక అనేవాళ్ళం, బాయి మీద ల్యాంపు రూములో పని. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే గానీ బయట మాట తక్కువ. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆయన కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి ల్యాంపు తీసుకుంటాడు. ఆ బిళ్ళ బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు. మనిషి కళ్ళపడేదాకా దావీదు కాక కుర్చీ వదలడు. ఒకసారి ఇట్లాగే ఒక బిళ్ళ మిగిలితే గుంపులు గుంపులుగా బాయంతా వెతికారు. ఆ మనిషి నెత్తిన ల్యాంపు వెలుగుతుండగా కల్లు కాంపౌండులో కూర్చొని ఉన్నాడు, ఆ వెలుతురుకు పురుగులొస్తున్నాయని పక్కవాడు తిడుతున్నాడు. దావీదు కాక అతన్ని ఒక్క మాట అనలేదట. అతని చేతిలో బిళ్ళ పెట్టి, ఇగ ఇంటికి పోదాం పా అన్నాడట. ఆయన లెక్క తప్పిందని ఎవరూ ఎన్నడూ వినలేదు.

మా బడిలో బోర్డు ఎందుకు వచ్చిందంటే ఓదెలు వల్ల. ఓదెలు నా బెంచీ. వాళ్ళ నాయన కొమురయ్య కాక బాయిలో బొగ్గు తట్టలు నింపేవాడు. ఓదెలు పాడైన టేబుల్ ఫ్యాను విప్పి తిప్పగలడు, సైకిల్ చప్పుడు విని ఎక్కడ బేరింగు బాల్సు పోయాయో చెప్పగలడు. వాడికి ఐటీఐలో ఫిట్టర్ సీటు తప్ప ఇంకో కోరిక లేదు. రానిదల్లా లెక్కలు. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో చివరి బెంచీ వెనక నిద్రపోయాడు. ఎవరూ చూసుకోలేదు, బయటినుంచి తాళం పడింది. దీపాలు పెట్టే వేళకు వాళ్ళమ్మ ఇంటింటికీ తిరిగి అడిగితే గానీ వాడు లేడని మాకు తెలియలేదు. తాళం తీస్తే రేకు గోడను కొట్టీ కొట్టీ చేతులు వాచి ఉన్నాడు. మర్నాడు రూతు ఒక పలకచెక్క, మేకులు, ముప్పై ఆరు కూల్‌డ్రింక్ మూతలు తెచ్చింది. మూతలకు కన్నం పొడిచి నంబర్లు గీకింది. స్టడీ అవర్‌కు లోపలికి వస్తే ఎవరి మూత వాళ్ళు తగిలించాలి, పోయేటప్పుడు తీసుకుపోవాలి. మేకుకు మూత ఉంటే ఎవ్వరూ ఇంటికి పోవద్దు. వాటిని మేం కూడా బిళ్ళలనే అన్నాం. సార్లు ఏదో ఆటనుకున్నారు.

హాల్‌టికెట్లు ఇచ్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం బడి అయ్యాక, సాయంత్రం స్టడీ అవర్ లేదని, టికెట్ తీసుకొని ఇంటికి పొమ్మని చెప్పారు. ప్రిన్సిపల్ సారు బల్ల వేసుకొని పేర్లు పిలవబోతున్నాడు. ఓదెలు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ముందురోజు సారు వాళ్ళ నాయనను పిలిపించి, ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు మంచిగ రాద్దాం అని ఒప్పించాడని, ఆ మాట కొడుకుతో చెప్పడానికి కొమురయ్య కాకకు నోరు రాలేదని ఆ ఇస్త్రీ చొక్కాకు తెలియదు. క్లాస్ లీడర్‌ను కాబట్టి నా పేరే ముందు. సారు నా పేరు పిలిచాడు. నేను లేచి, "సారు, ఓదెలుది వచ్చిందా?" అని అడిగాను. సారు కాగితాల్లోంచి తలెత్తకుండా, వాడు ఈసారి రాయడం లేదు, వాళ్ళ నాయనకు తెలుసు అన్నాడు. ఓదెలు చొక్కా కింది గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత లేచి బోర్డు దగ్గరికి పోయి తన బిళ్ళ మేకుకు తగిలించి వచ్చి కూర్చున్నాడు. స్టడీ అవర్ లేని రోజు బిళ్ళెందుకు? నేను లోపలే ఉన్నాను అని చెప్పడానికి వాడికి ఇంకో పద్ధతి తెలియదు. నేను లేచి నా బిళ్ళ తగిలించాను. రూతు తగిలించింది. ఒకరి వెనక ఒకరం ముప్పై ఆరుగురం తగిలించాం. రూతు లోపలినుంచి గొళ్ళెం పెట్టింది. అన్నాళ్ళూ బయటినుంచి పడిన తలుపు అది.

సారు మొదట నవ్వాడు, తర్వాత కర్ర తీశాడు, తర్వాత మీ తల్లిదండ్రులు రానీ అని కుర్చీలో కూర్చున్నాడు. మేం ఏం చేయాలో తెలియక అలవాటుకొద్దీ గట్టిగా చదవడం మొదలుపెట్టాం. ఆ రోజు బ్లాస్టింగ్ రోజూకంటే పెద్దగా అయింది, రేకులు చాలాసేపు ఊగాయి. అదే సమయంలో పక్క క్వార్టర్ నుంచి ఒకామె పిల్లలింకా రాలేదేమని గోడ అవతలినుంచే కేకేసింది. "మా బిళ్ళలన్నీ బోర్డు మీదనే ఉన్నయ్ అక్కా, ఎవ్వరం బయటికి రాలే," అని ఎవరో చెప్పారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని పరుగెత్తింది. అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి బస్సులోంచి మనుషులు చౌరస్తాలో దిగుతున్నారు. ఆమె అక్కడ ఏం చెప్పిందంటే, పోరగాళ్ళ బిళ్ళలన్నీ బోర్డు మీదనే ఉన్నాయట అని. ఇంకో ఊళ్ళో ఆ మాటకు అర్థం లేదు. మా ఊళ్ళో ఒకటే అర్థం. బ్లాస్టింగ్‌కు బడి రేకులు కూలి పిల్లలందరూ కింద ఇరుక్కున్నారని.

వాళ్ళు ఎట్లా వచ్చారో నేను కిటికీలోంచి చూశాను. మొహాల మసి కడగని మనుషులు, తెల్లటి కళ్ళు మాత్రమే కనపడుతూ, టిఫిన్ డబ్బాలు ఎక్కడ పారేశారో తెలియకుండా పరుగెత్తుకొచ్చారు. ఒకాయన చేతిలో మిర్చిబజ్జీ అట్లాగే ఉంది. తాళ్ళు తెచ్చినవాళ్ళున్నారు, పారలు తెచ్చినవాళ్ళున్నారు. ఒక షేర్ ఆటోలో పద్నాలుగు మంది దిగారు, డ్రైవర్‌ను వదిలేసి. మా బాపు గొళ్ళెం తీసేదాకా ఆగలేదు, తలుపు రేకు పీకి లోపలికి వచ్చాడు. లోపల ముప్పై ఆరుగురం పానిపట్టు యుద్ధం చదువుతున్నాం.  కొందరు ఏడ్చారు, కొందరు తమ పిల్లలను గట్టిగా రెండు దెబ్బలు వేసి మరీ ఏడ్చారు. నేను బాపు దగ్గరికి కుంటుకుంటూ పోయాను. బెంచీ మేకు గుచ్చుకొని నా మడమ నేలకు ఆనడం లేదు, అంత గొడవలో ఎవరు చూస్తారు.

ప్రిన్సిపల్ సారుకు ధైర్యం వచ్చింది. చూడండి మీ పిల్లల క్రమశిక్షణ, తీసుకుపోండి అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. చదువుకున్న మనిషి ముందు వాళ్ళ తలలు అలవాటుగా దిగేవి. దావీదు కాక మాత్రం బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. బాయి మీద చేసినట్టే చూపుడువేలితో ఒక్కొక్క మూతను తాకుతూ లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. తిరిగి మమ్మల్ని లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. బల్ల దగ్గరికి పోయి హాల్‌టికెట్ల కట్ట తీసుకొని లెక్కపెట్టాడు. ముప్పై ఐదు. కట్టను మెల్లగా కింద పెట్టాడు.

"సారూ, ఒక మనిషి ఇంక లోపలనే ఉన్నడు," అన్నాడు. "మనిషి బయటికొస్తెనే మేం ఇంటికి పోతం." చెప్పి ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన వెనక మా బాపు కూర్చున్నాడు. తర్వాత మసిబట్టలతో అందరూ. పిల్లల బెంచీలు కిర్రుమన్నాయి.

సారు కోపంతో ఓదెలు లెక్కల పేపర్ తీసి కొమురయ్య కాక ముందు పెట్టాడు. నువ్వే చెప్పు, వీడు పాసవుతాడా, నిన్న ఒప్పుకున్నావా లేదా అన్నాడు. కొమురయ్య కాక ఆ పేపర్‌ను చాలాసేపు చూశాడు. ఆయనకు చదవడం రాదు. దాని మీద తన వేళ్ళ మసి అంటిందని మాత్రం చూసి, అంగీకి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఒప్పుకున్న సారు. తప్పయింది," అన్నాడు. "మావోడు ఫెయిలైతె అయితడు. ఫెయిల్ కానియ్యుండ్రి. నేను బాయిల దిగేటప్పుడు మల్ల పైకొస్తనని ఎవ్వలకన్న రాసిచ్చి దిగిన్నా? దిగనియ్యాలె గద సారు. దిగనియ్యకుంట గోడ మీద రాసుకుంటె ఎట్ల?"

ఓదెలు అప్పుడు ఏడ్చాడు. అంతకు ముందు ఏడవలేదు. బాపు లేచి బయటికి పోయి, నూటికి నూరు అని రాసిన గోడను వేలి కణుపుతో తట్టి వచ్చాడు. ఏం వినపడిందో చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు. సారు బల్ల సొరుగు తీసి, ముప్పై ఆరో హాల్‌టికెట్ బయట పెట్టాడు. అప్పుడు దావీదు కాక ఒక్కొక్క నంబరు పిలిచి ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికిచ్చాడు. ముందు ఓదెలుకు. నాది ఇచ్చేటప్పుడు నా కాలు వైపు చూసి, "కాలు పైలం బిడ్డా," అన్నాడు. బోర్డు ఖాళీ అయ్యాకే ఆయన టిఫిన్ డబ్బా ఎక్కడ పారేశాడో వెతుక్కోవడానికి పోయాడు.

ఓదెలు లెక్కల్లో తప్పాడు. ముప్పై ఆరుగురిలో వాడొక్కడే. ఆ ఏడు గోడ మీద సున్నం వేశారు గానీ అంకె రాయలేదు. ఆ ఖాళీ గోడ ముందునుంచి పోతుంటే నాకు మా ఇంటి గోడను చూసినంత గర్వంగా ఉండేది. ఎండల్లోనే సప్లిమెంటరీ రాశాడు, రూతు వాళ్ళింట్లో కూర్చోబెట్టి చెప్పింది, పాసయ్యాడు. ఫిట్టర్ అయ్యాడు. ఇప్పుడు రామకృష్ణాపూర్‌లో వాడు లేనిదే పంపులు తిరగవని వాడంటాడు, అది నా దగ్గర నేర్చుకున్న విద్య. రూతు టీచర్. ఏళ్ళ తర్వాత వేరే రాష్ట్రం వచ్చింది, జెండాలు మారాయి, అప్పటి రేకుల షెడ్డు పోయి నాలుగంతస్తులైంది. గోడ మీద అంకె మాత్రం మళ్ళీ వచ్చిందట. హర్షిత బడిలో అడుగుపెడితే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, బయటపడితే ఇంకొకటి వస్తుంది. మా అవ్వకు నేనెక్కడున్నానో రోజంతా తెలిసేది కాదు. నాకు నా బిడ్డ నిమిషం నిమిషం తెలుసు. కానీ ఆ ఫోన్‌లో ఇంకొకరి బిడ్డ లోపల మిగిలిపోయాడని చూపించే మేకు లేదు. వీళ్ళకు మాకంటే మంచి ఫ్యాన్లున్నాయి, మంచి పుస్తకాలున్నాయి. గోళ్ళు చూశాను, కొరికేసినవే, అవి మాత్రం మావే. నుదురు తట్టి ఇవాళ పోవద్దు అనే ధైర్యం నాకు ఇప్పటిదాకా రాలేదు.

ఇప్పుడు ల్యాంపు మీద ఒట్టు సంగతి. షేర్ ఆటోలో దిగింది తొమ్మిది మందే. రేకు తలుపు బాపు పీకలేదు, రూతే గొళ్ళెం తీసింది. ఇవి లెక్కలోవి కావు. ఇంకొకటుంది. ఓదెలుది వచ్చిందా అని అడిగింది నేను కాదు, రూతు. ఆమె అడిగినప్పుడు నేను పైన రేకులను చూస్తున్నాను. ఎందుకంటే ఆ పొద్దున్నే సారు నన్ను ఆఫీసులోకి పిలిచి, క్లాస్ లీడర్‌వి కదా అని నా హాల్‌టికెట్ ముందే ఇచ్చి, ఓదెలు సంగతి చెప్పి, సాయంత్రందాకా ఎవరితో అనకు అన్నాడు. నేను అనలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన వాడి పక్కనే రోజంతా కూర్చున్నాను. టికెట్‌ను ఎనిమిది మడతలు పెట్టి సాక్సులో మడమ కింద దాచాను. వక్కల సంచీ లేదు, బెంచీ మేకూ లేదు. కాగితం చిరుగుతుందని మడమ ఎత్తి నడిచాను. అందరి బిళ్ళలూ తగిలించాక, ముప్పై ఆరో మేకు ఖాళీగా కనపడితే, చిట్టచివర నా బిళ్ళ తగిలించాను.

దావీదు కాక ఆ కట్టలో లెక్కపెట్టింది ముప్పై ఐదు కాదు. ముప్పై నాలుగు. రెండోసారి లెక్కపెట్టాడు, మళ్ళీ ముప్పై నాలుగే. తలెత్తి మమ్మల్ని ఒక్కొక్కరిని చూశాడు, నా దగ్గరికి వచ్చేసరికి నా కాలు చూశాడు. చూసి, ఒక మనిషి లోపల ఉన్నాడు అన్నాడు. ఒక్కడే అన్నాడు. జీవితంలో ఒక్కసారీ లెక్క తప్పని మనిషి అందరి ముందు నా కోసం ఒకటి తప్పాడు.

రేపు పొద్దున హర్షిత బడికి పోతున్నాను. జాబితాలో లేని ఆ పిల్లవాడి పేరు అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వాడి టికెట్ వచ్చేదాకా మనది తీసుకోవద్దని హర్షితతో కూడా చెప్పాను, ముందు నన్నొక రకంగా చూసింది, తర్వాత తన స్నేహితులకు ఫోన్ చేయడానికి లోపలికి పోయింది. ఇంటావిడ బూట్లు తుడిచి, వాటిలో సాక్సులు పెట్టి గడప దగ్గర ఉంచింది, పెద్దవాళ్ళ మీటింగు కదా అని. తీసి లోపల పెట్టాను. చెప్పులేసుకొని పోతాను.